మాంటిల్ సెల్ లింఫోమా రిపోర్టులో టీ(11;14) 78%, 17పీ డిలీషన్ 22%: ఏ అంకెను పట్టించుకోవాలి?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ నాన్నగారికి 64 ఏళ్లు. మెడ దగ్గరి లింఫ్ గ్రంథి బయాప్సీలో మాంటిల్ సెల్ లింఫోమా (బీ కణాలనే తెల్ల రక్తకణాల్లో వచ్చే క్యాన్సర్) అని తేలింది. ఈ జబ్బును గుర్తుపట్టడానికి చూసే ప్రోటీన్లు సైక్లిన్ డీ1 పాజిటివ్, సాక్స్11 పాజిటివ్, కీ-67 (విభజన చెందుతున్న కణాల వాటా) 25%. బోన్‌మ్యారో మీద చేసిన ఫిష్ పరీక్షలో (రంగు చుక్కలతో జన్యువుల చోటు చూసే పరీక్ష) సీసీఎన్‌డీ1-ఐజీహెచ్ ఫ్యూజన్, అంటే టీ(11;14), 200 కణాల్లో 156కి, అంటే 78%. 17వ క్రోమోజోమ్ పొట్టి చేతి (17పీ) మీదుండే కాపలా జన్యువు టీపీ53 పోవడం, అంటే టీపీ53 డిలీషన్, 200లో 44కి, అంటే 22%. క్యారియోటైప్ (మైక్రోస్కోప్‌లో క్రోమోజోములను చూసే పరీక్ష) లైను ఇలా ఉంది:

46,ఎక్స్‌వై,టీ(11;14)(క్యూ13;క్యూ32)[4]/46,ఐడెం,డెల్(17)(పీ11.2)[3]/46,ఎక్స్‌వై[13]

చికిత్స ఇంకా మొదలవలేదు. 78% అంటే జబ్బు అంత ముదిరినట్టా, 22% తక్కువే కాబట్టి వదిలేయొచ్చా, ఇంకేమైనా పరీక్ష చేయించాలా, మందులు వాడాక ఇవి పోతాయా, మీకూ మీ తమ్ముడికీ వచ్చే ప్రమాదం ఉందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. 78% చూసి బెంబేలు పడకండి, 22% చూసి తేలిగ్గా తీసుకోకండి. టీ(11;14), అంటే 11, 14 క్రోమోజోముల ముక్కలు ఒకదానికొకటి మారడం (ట్రాన్స్‌లొకేషన్), జబ్బు పేరు చెప్తుంది, గుణం చెప్పదు. గుణం చెప్పేది దాని మీద తర్వాత వచ్చి చేరిన మార్పులు, అందులోనూ ముఖ్యంగా టీపీ53. మీరు ఇప్పుడు అడగాల్సిన పరీక్ష ఒక్కటే: టీపీ53 జన్యువు సీక్వెన్సింగ్, అంటే దాన్ని అక్షరం అక్షరం చదవడం. అది మొదటి డోసు పడకముందు తీసిన శాంపిల్ మీద జరగాలి. పిల్లలకు వచ్చే విషయం చివర్లో రాస్తాను. రిపోర్టులో ఉన్న ఈ మార్పులైతే వంశపారంపర్యం కావు.

నేను ల్యాబ్ వైపు మనిషిని, క్రోమోజోమ్ రిపోర్టులు చూసేవాణ్ణి. ఏ మందు, ఎప్పుడు అనేది మీ హెమటాలజిస్టు నిర్ణయం. ఆయన్ని ఏం అడగాలో తెలియడానికే ఇదంతా.

టీ(11;14) అసలు ఏమిటి

బీ కణం బోన్‌మ్యారోలో తయారయ్యేటప్పుడు తన యాంటీబాడీ జన్యువును తానే కోసి అతికించుకుంటుంది. రాగ్ అనే ఎంజైములు 14వ క్రోమోజోమ్ పొడవు చేతిలో (క్యూ32 దగ్గర) ఉన్న ఐజీహెచ్ జన్యువులో వీ, డీ, జే అనే ముక్కల పక్కన కోత పెడతాయి. మామూలుగా ఆ కోసిన కొసలు మళ్లీ అక్కడికక్కడే అతుక్కుంటాయి. అదే సమయంలో 11వ క్రోమోజోమ్ క్యూ13 దగ్గర కూడా తెగి ఉంటే, కొసలు తారుమారై అతుక్కోవచ్చు. అప్పుడు సీసీఎన్‌డీ1 అనే జన్యువు ఐజీహెచ్ ఎన్‌హాన్సర్ (పక్కనున్న జన్యువును ఎక్కువగా పనిచేయించే డీఎన్‌ఏ ముక్క) పక్కకు వచ్చి కూర్చుంటుంది. బీ కణంలో ఆ ఎన్‌హాన్సర్ ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి మామూలు బీ కణంలో దాదాపు కనిపించని సైక్లిన్ డీ1 ప్రోటీన్ ఆగకుండా తయారవుతుంది. అది సీడీకే4, సీడీకే6లతో కలిసి ఆర్‌బీ అనే కాపలా ప్రోటీన్‌ను పక్కకు తప్పించి, కణాన్ని జీ1 దశ నుంచి ఎస్ దశలోకి తోస్తుంది. అంటే విభజన వైపు.

రిపోర్టులో 'ఫ్యూజన్' అన్న మాట చూసి చాలామంది రెండు జన్యువులు కలిసి కొత్త ప్రోటీన్ పుట్టిందనుకుంటారు. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియాలో (సీఎంఎల్) బీసీఆర్-ఏబీఎల్ అలాంటిదే. ఇక్కడ అలా జరగదు. సీసీఎన్‌డీ1 తన సొంత ప్రోటీన్‌నే తయారుచేస్తుంది, కాకపోతే అతిగా. ఫిష్‌లో 'ఫ్యూజన్' అంటే ఎరుపు చుక్క, ఆకుపచ్చ చుక్క ఒకదాన్నొకటి తాకుతూ కనిపించాయని మాత్రమే. సీఎంఎల్‌కి ఇమాటినిబ్ ఉన్నట్టు దీనికి 'ఫ్యూజన్‌ను కొట్టే' మాత్ర లేకపోవడానికి కారణం ఇదే.

మాంటిల్ సెల్ లింఫోమాలో 95 శాతానికి పైగా కేసుల్లో ఈ మార్పు ఉంటుంది. కాబట్టి అది ఉన్నవారు, లేనివారు అని విడదీసి జబ్బు తీవ్రత చెప్పడానికి వీల్లేదు. ఇది ఒక్కటే ఉంటే లింఫోమా రావడానికి చాలదు కూడా. ఎలుకల బీ కణాల్లో సైక్లిన్ డీ1ను కృత్రిమంగా అతిగా పనిచేయించి చూశారు. 1994లో వెలువడిన ఆ ప్రయోగాల్లో అది ఒక్కటే ఉన్న ఎలుకలకు లింఫోమా రాలేదు, మిక్ అనే ఇంకో క్యాన్సర్ జన్యువు తోడైతే వచ్చింది. మనుషుల్లో కూడా గ్రంథి మాంటిల్ పొరలో మాత్రమే ఈ కణాలు కనిపించి, ఏళ్ల తరబడి జబ్బుగా మారని స్థితి ఒకటి ఉంది. దాన్ని ఇన్ సిటు మాంటిల్ సెల్ నియోప్లాజియా అంటారు.

ఇంకో రకం కూడా ఉంది: గ్రంథులు పెద్దగా వాయకుండా రక్తం, మ్యారో, ప్లీహంలో కనిపించేది. అందులోనూ ఇదే టీ(11;14) ఉంటుంది. కానీ సాక్స్11 నెగటివ్, ఐజీహెచ్‌వీ జన్యువు మ్యుటేట్ అయి ఉంటుంది, ఇతర క్రోమోజోమ్ మార్పులు చాలా తక్కువ. చాలామందికి ఏళ్లపాటు చికిత్స అవసరం పడదు. అయితే ఆ నెమ్మది జబ్బుకు కూడా టీపీ53 దెబ్బ తగిలితే దూకుడుగా మారిపోతుంది. మీ నాన్నగారిది సాక్స్11 పాజిటివ్, గ్రంథి వాపుతో వచ్చింది కాబట్టి మామూలు రకమే.

78 ఎందుకు పెద్దది కాదు, 22 ఎందుకు చిన్నది కాదు

ల్యాబ్‌లో జరిగేది ఇది. మ్యారో కణాలను స్లైడ్ మీద పరిచి, డీఎన్‌ఏ పోగులు విడిపోయేలా సుమారు 73 నుంచి 75 డిగ్రీల సెల్సియస్‌లో కొద్ది నిమిషాలు ఉంచి, రంగు ప్రోబ్ (వెతికే జన్యువుకు అతుక్కునే డీఎన్‌ఏ ముక్క) వేసి 37 డిగ్రీల్లో రాత్రంతా వదిలేస్తాం. మర్నాడు కడిగి, డాపీ అనే నీలి రంగు వేసి, ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్‌లో ఒక్కో కేంద్రకం చూసి లెక్కపెడతాం. సీసీఎన్‌డీ1 ఎరుపు, ఐజీహెచ్ ఆకుపచ్చ అనుకుందాం. మామూలు కణంలో రెండు ఎరుపు, రెండు ఆకుపచ్చ విడివిడిగా ఉంటాయి. టీ(11;14) ఉన్న కణంలో ఒక ఎరుపు, ఒక ఆకుపచ్చ, రెండు జంట చుక్కలు. ఎరుపు, ఆకుపచ్చ ఒకదానిమీద ఒకటి పడినచోట పసుపుగా కనిపిస్తుంది.

ఇలా 200 కేంద్రకాలు. ఆ 200లో లింఫోమా కణాలే కాదు, టీ కణాలు, గ్రాన్యులోసైట్లు, ఇతర మామూలు కణాలు అన్నీ ఉంటాయి. కాబట్టి 78% అంటే ఆ శాంపిల్‌లో లెక్కించిన కణాల్లో లింఫోమా కణాల వాటా మాత్రమే. అదే మనిషి నుంచి అదే రోజు తీసిన రక్తంలో 12% రావచ్చు, గ్రంథిలో 90% రావచ్చు. మ్యారో తీసేటప్పుడు మొదటి లాగుడులో కణాలు చిక్కగా వస్తాయి, తర్వాతి లాగుళ్లలో రక్తం కలిసి పలచబడుతుంది. సైటోజెనెటిక్స్ గొట్టానికి తరచూ ఆ తర్వాతిదే దక్కుతుంది. ఇన్ని కారణాలతో మారే అంకె అది. మ్యారోలో జబ్బు బాగానే పాకిందని అర్థం చేసుకోవచ్చు, అంతకుమించి లాగకూడదు.

22ను మాత్రం 100తో కాదు, 78తో పోల్చండి. 22ను 78తో భాగిస్తే 28% చిల్లర. అంటే లింఫోమా కణాల్లో నాలుగో వంతుకు పైగా 17వ క్రోమోజోమ్ పొట్టి చేతిని, దానితోపాటు టీపీ53 ఒక ప్రతిని పోగొట్టుకున్నాయి. ఇది ఉప-క్లోన్. మొదట టీ(11;14) వచ్చింది, ఆ కణాల్లోంచి కొన్ని 17పీని కూడా కోల్పోయి వేరే కొమ్మగా పెరుగుతున్నాయి.

క్యారియోటైప్ లైను చెప్తున్నదీ అదే. చదరపు బ్రాకెట్లో ఉన్నవి కణాల లెక్కలు. నాలుగు కణాల్లో టీ(11;14) మాత్రమే ఉంది. మూడు కణాల్లో 'ఐడెం', అంటే పైదంతా ఉంటూ అదనంగా 17 పొట్టి చేయి పీ11.2 దగ్గర తెగి పోయింది. టీపీ53 ఉండేది ఇంకా కొసవైపు, పీ13.1 దగ్గర, కాబట్టి తెగిన ముక్కతో పాటే పోతుంది. మిగతా 13 మామూలు పురుష క్యారియోటైప్. మరి ఫిష్‌లో 78% ఉంటే ఇక్కడ 20లో 7 మాత్రమే ఎందుకు? క్యారియోటైప్‌కు విభజన మధ్యలో ఉన్న కణాలు కావాలి. మాంటిల్ కణాలు కల్చర్‌లో మొండికేస్తాయి. డీఎస్‌పీ30 లాంటి సీపీజీ ఒలిగో, ఇంటర్‌ల్యూకిన్-2 అనే ఉత్తేజకాలు కలిపి మూడు రోజులు పెంచితేనే చాలాసార్లు మెటాఫేజులు దొరుకుతాయి, మామూలు మ్యారో కణాలు మాత్రం ఏ ఉత్తేజమూ లేకుండానే విభజన చెందుతాయి. కాబట్టి రెండు అంకెలూ కలవకపోవడం తప్పు కాదు, రెండు పరీక్షలూ వేర్వేరు కణాలను చూస్తున్నాయి. నా దృష్టిలో గమనించదగ్గది ఇంకొకటి: దొరికిన ఏడు అసాధారణ కణాల్లో మూడు 17పీ కొమ్మవి. ఏడు కణాలతో లెక్కలు తీయకూడదు, కానీ ఆ కొమ్మ విభజనలో వెనకబడి లేదని మాత్రం తెలుస్తోంది.

మంచి మాట కూడా ఉంది. కాంప్లెక్స్ క్యారియోటైప్ అనాలంటే మూడు లేదా అంతకన్నా ఎక్కువ మార్పులుండాలి, కొన్ని అధ్యయనాలు టీ(11;14)ను వదిలేసి మూడు లెక్కపెడతాయి. మీ నాన్నగారికి ఉన్నవి రెండే. ఏ లెక్కన చూసినా కాంప్లెక్స్ కాదు. కీ-67 కూడా సాధారణంగా వాడే 30% గీతకు కిందనే ఉంది.

ఈ భాగహారం తిరగేస్తే ఇంకో ప్రమాదం బయటపడుతుంది, ఇది చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నా. రక్తం శాంపిల్‌లో టీ(11;14) 6% మాత్రమే ఉండి 'టీపీ53 డిలీషన్ కనబడలేదు' అని రిపోర్టు వచ్చిందనుకోండి. డిలీషన్ ప్రోబులకు ల్యాబులు పెట్టుకునే కటాఫ్ తరచూ 5 నుంచి 10% మధ్య ఉంటుంది. ఎందుకంటే మామూలు కణాల్లో కూడా రెండు చుక్కలు ఒకదానిపై ఒకటి పడి ఒక్కటిగా కనిపిస్తాయి. లింఫోమా కణాలే 6% ఉన్నప్పుడు వాటిలో సగం 17పీ కోల్పోయినా 3% కనిపిస్తుంది, అది కటాఫ్ కింద కలిసిపోతుంది. అది నెగటివ్ కాదు, పనికిరాని శాంపిల్. అలాంటప్పుడు గ్రంథి కణజాలం మీదో, సీడీ19 (బీ కణాల మీదుండే గుర్తు) పూసలతో బీ కణాలను వేరుచేసో మళ్లీ చేయాలి.

17పీ డిలీషన్ నిజమైనదేనా అని ఎప్పుడు అనుమానించాలి

మీ కేసులో అనుమానం అక్కర్లేదు. మ్యారో కణాలు పూర్తి కేంద్రకాలు, 22% ఏ కటాఫ్‌కైనా పైనే, పైగా క్యారియోటైప్‌లో కంటికి కనబడింది. కానీ పారఫిన్ (మైనం) బ్లాక్ నుంచి కోసిన గ్రంథి ముక్క మీద ఫిష్ చేసినప్పుడు అబద్ధపు డిలీషన్లు తరచూ వస్తాయి. ముక్క మందం 4 మైక్రాన్లు, కేంద్రకం దానికి దాదాపు రెట్టింపు. కత్తి కేంద్రకాన్ని మధ్యలో కోసేస్తుంది, ఒక చుక్క పక్క ముక్కలోకి పోతుంది. అందుకే కణజాలం మీద డిలీషన్ కటాఫ్ చాలా ఎక్కువగా పెట్టుకోవాలి. 17వ క్రోమోజోమ్ సెంట్రోమియర్‌కు (నడుము భాగానికి) ఇంకో రంగు ప్రోబ్ వేయడం కూడా ఇందుకే. కోత వల్లనైతే రెండు రంగులూ ఇంచుమించు సమానంగా తగ్గుతాయి. నిజమైన డిలీషన్ అయితే సెంట్రోమియర్ చుక్కలు రెండూ నిలబడి, టీపీ53 చుక్క ఒక్కటే తగ్గుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. 17వ క్రోమోజోమ్ మొత్తంగా పోయినా రెండు రంగులూ ఒక్కొక్కటే మిగులుతాయి, అదీ టీపీ53 పోయినట్టే. దాన్ని కోత దోషమని కొట్టిపారేయకుండా ఇంకో క్రోమోజోమ్ ప్రోబ్‌తో సరిచూసుకోవాలి.

చుక్కలు సరిగ్గా రాకపోవడానికి మూలం చాలాసార్లు ఫిక్సేషన్‌లోనే ఉంటుంది. 10% న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో 6 నుంచి 48 గంటలు ఉంచిన ముక్క బాగుంటుంది. వారాంతమంతా, ఇంకా ఎక్కువ ఫార్మలిన్‌లో నానితే ప్రోబ్ లోపలికి వెళ్లదు, పెప్సిన్ అనే ఎంజైము ఎక్కువసేపు ఇవ్వాల్సి వస్తుంది, అది ఎక్కువైతే కేంద్రకాలు చిల్లులు పడి దయ్యాల్లా కనిపిస్తాయి. ఎముక ముక్కను నైట్రిక్ లేదా హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో మెత్తబరిస్తే డీఎన్‌ఏ నాశనమవుతుంది. ఆ బ్లాక్ మీద ఫిష్ గానీ సీక్వెన్సింగ్ గానీ అడగొద్దు. ఈడీటీఏతో మెత్తబరిచినదైతే పరవాలేదు.

ఇప్పుడు చేయించాల్సినది: టీపీ53 సీక్వెన్సింగ్

ఫిష్ చూసేది జన్యువు ఉందా పోయిందా అని. ఉన్న జన్యువులో ఒక అక్షరం మారినా ఫిష్‌కు కనబడదు. టీపీ53కి రెండు ప్రతులు. మీ నాన్నగారి 22% కణాల్లో ఒకటి పోయింది. మిగిలిన ప్రతి బాగుందా, చెడిందా అన్నదే అసలు ప్రశ్న. మిగిలినది కూడా చెడితే ఆ కణంలో పీ53 కాపలా పూర్తిగా పోయినట్టే. కీమోథెరపీ మందులు ప్రధానంగా డీఎన్‌ఏను దెబ్బతీసి, పీ53 ద్వారానే కణాన్ని చావు వైపు నడిపిస్తాయి కాబట్టి అవి ఆ కణాల మీద మొద్దుబారతాయి.

దీనికి తిరగేసిన కేసు కూడా ఉంది: మ్యుటేషన్ ఉంటుంది, ఫిష్‌లో రెండు చుక్కలూ మామూలుగా కనిపిస్తాయి. చెడిన ప్రతి రెండింతలై బాగున్న ప్రతి స్థానంలోకి వచ్చేస్తే చుక్కల సంఖ్య మారదు. అందుకే 'ఫిష్‌లో 17పీ నార్మల్' అన్న ఒక్క మాటతో నిశ్చింతగా ఉండకూడదు.

నార్డిక్ దేశాల్లో హై-డోస్ సైటరాబిన్ అనే కీమో, సొంత మూలకణ మార్పిడితో చికిత్స పొందిన చిన్న వయసు రోగుల మీద 2017లో వెలువడిన విశ్లేషణలో, టీపీ53 మ్యుటేషన్ ఉన్నవారి మధ్యస్థ జీవితకాలం 1.8 ఏళ్లు, లేనివారిది 12.7 ఏళ్లు. మిగతా అంశాలన్నీ కలిపి లెక్కించినప్పుడు జన్యు మార్పుల్లో నిలబడింది మ్యుటేషనే, డిలీషన్ సొంత బలంతో నిలబడలేదు. ఈ అంకె చదివి కుంగిపోవద్దు. అది బీటీకే ఇన్హిబిటర్లు (బీ కణాలను బతికించే సంకేతాన్ని ఆపే మాత్రలు) మొదటి వరుసలోకి రాకముందు నాటి చికిత్సల లెక్క. కీమో ఎంత గట్టిగా ఇచ్చినా ఈ వర్గానికి పెద్దగా లాభం లేదని అది చూపించింది. అందుకే ఇప్పుడు మ్యుటేషన్ తేలినవారికి చాలా కేంద్రాలు బీటీకే ఇన్హిబిటర్, వెనెటోక్లాక్స్, యాంటీ-సీడీ20 యాంటీబాడీల కలయికలు, క్లినికల్ ట్రయల్, తొందరగా కార్-టీ (రోగి టీ కణాలనే మార్చి లింఫోమా మీదికి వదిలే చికిత్స) గురించి ఆలోచించడం లాంటి దారులు చూస్తున్నాయి. మాంటిల్ సెల్ లింఫోమాకు అమెరికా ఎఫ్‌డీఏ బీటీకే ఇన్హిబిటర్లయిన ఇబ్రూటినిబ్‌ను 2013లో (2023లో ఈ జబ్బుకు ఆ అనుమతిని కంపెనీ వెనక్కి తీసుకుంది), అకాలాబ్రూటినిబ్‌ను 2017లో, జానుబ్రూటినిబ్‌ను 2019లో, మొదటి కార్-టీని 2020లో అనుమతించింది. అప్పట్లో ఇవన్నీ జబ్బు తిరగబెట్టినవారికే. మొదటి వరుసలో వాటి స్థానం ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది. మీ నాన్నగారికి ఏది నప్పుతుందనేది గుండె, కిడ్నీ, రక్తం పలచబడే మందులు లాంటివన్నీ చూసి చెప్పాల్సిన మాట.

పరీక్ష అడిగేటప్పుడు ఈ నాలుగు సంగతులు చూసుకోండి:

- గొట్టం. సీక్వెన్సింగ్‌కు ఈడీటీఏ గొట్టం, 3 నుంచి 5 మిల్లీలీటర్లు. క్యారియోటైప్‌కు వాడే సోడియం హెపారిన్ గొట్టం దీనికి సరికాదు, హెపారిన్ పీసీఆర్‌ను (డీఎన్‌ఏకు నకళ్లు తీసే పద్ధతిని) అడ్డుకుంటుంది. అదే క్యారియోటైప్‌కు ఈడీటీఏ పంపితే కణాలు సరిగ్గా పెరగవు. క్యారియోటైప్ గొట్టాన్ని ఫ్రీజర్‌లో పెట్టకూడదు, మామూలు గది ఉష్ణోగ్రతలో ఒకటి రెండు రోజుల్లో ల్యాబ్‌కు చేరాలి.
- సమయం. స్టెరాయిడ్ కూడా మొదలుపెట్టకముందే. కొద్ది రోజుల స్టెరాయిడ్ చాలు, శాంపిల్‌లో లింఫోమా కణాలు పలచబడిపోవడానికి. మీ విషయంలో మ్యారోలో 78% ఉంది కాబట్టి ఫిష్ చేయగా మిగిలిన కణాల గుళిక ల్యాబ్‌లో ఉందేమో ముందు అడగండి. ఉంటే మళ్లీ సూది అక్కర్లేకపోవచ్చు.
- పరిధి. కనీసం ఎక్సాన్ (జన్యువులో ప్రోటీన్‌కు పనికొచ్చే భాగం) 4 నుంచి 10, వీలైతే 2 నుంచి 11 మొత్తం. సాంగర్ పద్ధతి 15 నుంచి 20 శాతానికి తక్కువున్న మార్పును తరచూ వదిలేస్తుంది. మీకు కావలసింది ఉప-క్లోన్‌లోని మార్పు కాబట్టి ఎన్‌జీఎస్ (ఒక్కో చోటును ఎన్నోసార్లు చదివే కొత్త తరం సీక్వెన్సింగ్) అడగండి.
- రిపోర్టులో వీఏఎఫ్ అనే శాతం, అంటే చదివిన జన్యు ప్రతుల్లో మార్పున్నవి ఎంత అని. 78% లింఫోమా కణాలున్న శాంపిల్‌లో అన్ని లింఫోమా కణాలకూ ఒక ప్రతిలో మ్యుటేషన్ ఉండి రెండో ప్రతి మిగిలి ఉంటే 39% దరిదాపుల్లో కనిపిస్తుంది. 17పీ కొమ్మలోనే ఉంటే అంతకన్నా బాగా తక్కువ. ఆ అంకెను ఫిష్ అంకెల పక్కన పెట్టి చదవమని డాక్టరుగారిని అడగండి.

సీక్వెన్సింగ్ వెంటనే దొరక్కపోతే గ్రంథి బ్లాక్ మీద పీ53 ఇమ్యునో స్టెయిన్ ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. సగానికి పైగా కణాలు ముదురుగా రంగు పట్టితే మ్యుటేషన్ ఉండే అవకాశం ఎక్కువ. కానీ ప్రోటీనే తయారుకాని రకం మ్యుటేషన్లలో అసలు రంగే పట్టదు, దాన్ని 'నెగటివ్' అని రాసేస్తే పొరపాటు. అది సీక్వెన్సింగ్‌కు బదులు కాదు.

మిగతా మార్పులు, క్లుప్తంగా

మీ రిపోర్టులో లేవు కానీ పేర్లు వినబడతాయి. 9పీ21 డిలీషన్ అంటే సీడీకేఎన్2ఏ పోవడం. ఇది కూడా కణ విభజనకు ఉన్న బ్రేకే. టీపీ53తో కలిసి పోతే పరిస్థితి ఇంకా కష్టం. 8క్యూ24 దగ్గర మిక్ తెగి అతుక్కోవడం అరుదు, దూకుడైన బ్లాస్టాయిడ్ రూపంలో ఎక్కువ కనిపిస్తుంది. క్రోమోజోములు 92 దరిదాపుల్లో, అంటే రెట్టింపుగా ఉండటం ప్లియోమార్ఫిక్, బ్లాస్టాయిడ్ రకాల గుర్తు. ఫిష్‌లో ప్రతి ప్రోబ్‌కూ నాలుగేసి చుక్కలు కనిపిస్తే ముందు దీన్నే తలచుకోవాలి. 13క్యూ, 6క్యూ, 1పీ లోపాలు, 3క్యూ అదనపు ప్రతులు తరచూ ఉంటాయి, ఒంటరిగా వాటి మీద చికిత్స మారదు.

11క్యూ డిలీషన్ గురించి మాత్రం ఒక హెచ్చరిక. అది ఏటీఎం జన్యువు (11క్యూ22 ప్రాంతం) పోవడం. టీ(11;14) కూడా 11క్యూ మీదిదే కాబట్టి ఇళ్లల్లో రెండింటినీ ఒకటే అనుకుని గాభరా పడతారు. చోటు వేరు, జన్యువు వేరు.

టీ(11;14) కనబడగానే మాంటిల్ అనేయడం కూడా సరికాదు. మల్టిపుల్ మైలోమాలో కూడా ఇదే క్రోమోజోమ్ మార్పు సుమారు 15 నుంచి 20% మందిలో ఉంటుంది. సైక్లిన్ డీ1 రంగు హెయిరీ సెల్ లుకేమియాలోనూ కొద్దిగా పడుతుంది, అక్కడ ట్రాన్స్‌లొకేషన్ ఉండదు. ఇంకోవైపు నిజమైన మాంటిల్ అయ్యుండి సైక్లిన్ డీ1 నెగటివ్‌గా వచ్చే కొద్ది కేసులున్నాయి. అందులో సాక్స్11 పాజిటివ్ ఆసరాగా దొరుకుతుంది, దాదాపు సగం మందిలో సీసీఎన్‌డీ2 తెగి ఉంటుంది. ప్రోటీన్ పాజిటివ్ అయి ఫ్యూజన్ ప్రోబ్ నెగటివ్ అయితే, సీసీఎన్‌డీ1 ఐజీహెచ్‌తో కాకుండా 2వ లేదా 22వ క్రోమోజోమ్ మీది లైట్ చెయిన్ జన్యువుతో జతకట్టిందేమో బ్రేక్-అపార్ట్ ప్రోబ్‌తో (జన్యువు తెగితే రెండు రంగులుగా విడిపోయేది) చూడాలి. పీసీఆర్‌తో టీ(11;14) వెతికి లేదన్న రిపోర్టుకు విలువ తక్కువ. 11క్యూ13లో తెగే చోట్లు చెల్లాచెదురుగా ఉంటాయి, పీసీఆర్ పట్టుకునే ముఖ్య గుంపులో పడేవి సగంలోపే.

చికిత్స తర్వాత ఇవి పోతాయా

మార్పు కణంలోంచి పోదు, ఆ కణాలు చస్తే వాటితోపాటు పోతుంది. రెమిషన్‌లో (జబ్బు కనబడని దశలో) ఫిష్ నెగటివ్ వస్తుంది, సంతోషమే. కానీ ఫిష్ చూపు సుమారు వందలో ఒక కణం దగ్గర ఆగిపోతుంది. మిగిలిన జబ్బు కొలవడానికి వాడే ఎమ్మార్డీ పరీక్షలు, అంటే ఫ్లో సైటోమెట్రీ గానీ రోగి సొంత ఐజీహెచ్ వరుసను వెతికే సీక్వెన్సింగ్ గానీ, పదివేలలో ఒకటి నుంచి పది లక్షల్లో ఒకటి వరకు పట్టుకుంటాయి. 'ఫిష్ నెగటివ్' అంటే ఎమ్మార్డీ నెగటివ్ అని ఎవరైనా అంటే నమ్మకండి. సీక్వెన్సింగ్ పద్ధతికి మొదటి శాంపిల్‌లోని ఐజీహెచ్ వరుస తెలిసి ఉండాలి కాబట్టి ఆ డీఎన్‌ఏను దాచమని ఇప్పుడే చెప్పి ఉంచండి.

జబ్బు తిరగబెడితే టీపీ53 ఫిష్, సీక్వెన్సింగ్ రెండూ మళ్లీ చేయించాలి. మొదటిసారి నాలుగో వంతు ఉన్న కొమ్మ, మిగతావి చచ్చాక మొత్తాన్ని ఆక్రమించి ఉండొచ్చు. పాత రిపోర్టు పట్టుకుని కొత్త చికిత్స నిర్ణయించడం తప్పు.

మీకూ, మీ తమ్ముడికీ

టీ(11;14), 17పీ డిలీషన్ రెండూ మీ నాన్నగారి బీ కణాల్లో, ఆయన జీవితంలో మధ్యలో పుట్టినవి. ఆ 13 కణాల్లో మామూలు క్యారియోటైప్ ఉండటమే అందుకు రుజువు. పుట్టుకతో వచ్చినదైతే ఇరవైలో ఇరవైకీ ఉండాలి. వీర్యకణాల్లోకి చేరవు, పిల్లలకు రావు. మీరు గానీ మీ తమ్ముడు గానీ ఫిష్ చేయించుకోవాల్సిన పని లేదు. డబ్బు దండగ.

ఒకే ఒక్క మినహాయింపు సీక్వెన్సింగ్ రిపోర్టు వచ్చాక తలెత్తవచ్చు. టీపీ53 మ్యుటేషన్ దొరికి, రెమిషన్‌లో లింఫోమా కణాలు లేని శాంపిల్‌లో కూడా అది 50% దగ్గరే కదలకుండా ఉంటే, పుట్టుకతో వచ్చినదేమో అని చూడాలి. ఇంట్లో చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సర్, సార్కోమా, మెదడు కణితి, అడ్రినల్ కణితి లాంటివి వచ్చిన చరిత్ర ఉంటే మ్యుటేషన్ తేలిన రోజే ఆ మాట డాక్టరుగారికి చెప్పండి. అప్పుడు చర్మం నుంచి పెంచిన ఫైబ్రోబ్లాస్టుల డీఎన్‌ఏ మీద సరిచూస్తారు. ఈ జబ్బులో రక్తం, లాలాజలం రెండింటిలోనూ లింఫోమా కణాలు కలిసి ఉండొచ్చు కాబట్టి వాటితో తేల్చకూడదు. 64 ఏళ్ల వయసులో, వీఏఎఫ్ తక్కువగా వచ్చి, ఇంట్లో అలాంటి చరిత్ర లేకపోతే ఈ చివరి పేరా మీకు వర్తించదు.